ఖారూన్ ఒడ్డున పుట్టింటి చీర

అది మంగళవారం. ఇక్కడి ఎడ్ల పండగ పోలా వెళ్లిన మర్నాడు, పొద్దున్న పదిన్నర గంటలు. రాయ్‌పూర్ పక్కన ఖారూన్ నది మెట్ల మీద నా మరదలు తడిచీరతో కూర్చుని ఉంది. ఆమె మొగుడు పోయి అది పదోరోజు. కొత్తచీర ఉన్న సంచి పట్టుకుని నేను పై మెట్టు మీద నిలబడ్డాను. మా ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆ చీర నా చేతి నుంచి తీసుకుంటుందో, నదిలోకి విసిరేస్తుందో నాకు తెలియదు.

మరదలంటే మా ఆయనకి తోడబుట్టింది కాదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

మేమంతా శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి ఇక్కడికి వచ్చినవాళ్లం. మగవాడికి ఉద్యోగం దొరికేది, క్వార్టర్ దొరికేది, ఊరెళ్లి పెళ్లి చేసుకుని పెళ్లాన్ని తెచ్చుకునేవాడు. ఆ పెళ్లాం పుట్టిల్లు మాత్రం అక్కడే ఉండిపోయేది. పురిటికి వెళ్లాలన్నా, చావుకి రావాలన్నా రాత్రంతా రైలు. ఆ రైలు కూడా వేళకి వచ్చి చచ్చేది కాదు. అందుకని మా క్వార్టర్లలో ఒక పద్ధతి పుట్టింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకి ఇక్కడే ఒక ఇంటిని పుట్టిల్లుగా ఒప్పజెప్పేవాళ్లు. దిగబెట్టడానికి వచ్చిన తండ్రి పదిమందిలో పిల్ల చేతిని ఒక మగవాడి చేతిలో పెట్టేవాడు. ఆ రోజు నుంచి అతను అన్న, అతని పెళ్లాం వదిన. ఇదేదో పేరుకి కాదు. సీమంతానికి గాజులు, పురిటికి పథ్యం, మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకుంటే తీర్పు, అన్నీ ఆ ఇంటి బరువే.

నా మరదలి చేతిని ఆమె తండ్రి అలాగే మా ఆయన చేతిలో పెట్టాడు. ఆ పిల్లకి తల్లి లేదు, అన్నదమ్ములు లేరు. కొన్నాళ్లకి ఆ తండ్రీ పోయాడు. ఇక ఆమెకి పుట్టిల్లంటే మేమే.

ఈ ఊళ్లో తీజా అని ఒక పండగ ఉంది, వినాయక చవితికి ముందురోజు. పెళ్లయిన ఆడపిల్లని ఆ రోజుకి పుట్టింటికి తీసుకురావాలి, చీర పెట్టాలి. అది ఛత్తీస్‌గఢ్ వాళ్ల పండగే గాని మా ఆడవాళ్లు కూడా పట్టేసుకున్నారు. చీర వచ్చే పండగని ఎవరు వద్దంటారు? నేనూ ఏటా మరదలికి తీజా చీర పెట్టేదాన్ని. ఆ చీర రంగు నచ్చలేదని ఆమె ఏటా అనేది, ఏటా కట్టుకునేది.

మగవాళ్లిద్దరూ రిటైరయ్యాక గుఢియారీలో ఒకే సందులో, మలుపుకి అటొకటి ఇటొకటి, ఇళ్లు కట్టుకున్నాం. పట్టాల మీద గూడ్సుబండి వెళితే రెండిళ్ల గిన్నెలూ ఒకేసారి గలగలమనేవి. అంత దగ్గర. ఆ దగ్గరలోనే తగువొచ్చింది.

మరదలికి ఒక్కతే కూతురు. ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేది. ఆ పిల్లకి భిలాయిలో ఉండే మేనత్త, అంటే మరదలి మొగుడికి అక్క, ఒక సంబంధం తెచ్చింది. పెళ్లివారు వచ్చారు, ఉప్మా తిన్నారు, పిల్లని చూశారు. తర్వాత పెళ్లికొడుకు తల్లి నన్ను వంటింట్లోకి పిలిచి, "పుట్టింటి వదిన మీరే కదా, పిల్ల ఎలాంటిదో నిజం చెప్పండి" అంది.

నిజం చెప్పాను. పిల్ల బంగారం, కాని ఉద్యోగం మానెయ్యమంటే మానదు, ఇంత మాటంటే అంత మాటంటుంది, అత్తగారు లేచేసరికి లేచి కాఫీ పెట్టే రకం కాదు. అడిగారు కాబట్టి చెప్పాను. వాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

మరదలు మా వాకిట్లోకి వచ్చి నిలబడి సందంతా వినేలా అరిచింది.

"కన్నతల్లి నేని పిల్లకి వదినంటే తల్లంతటిదని నమ్మినాను. నా కూతురి నోట్లో మట్టికొట్టినావు!"

"అడిగితే సెప్పినాను. రేపు ఎల్లాక తెలిస్తే పిల్లని తన్ని తగలేస్తే బాగుంటాదా?" అన్నాను.

"నిన్నెవులు సెప్పమన్నారే సత్తెం?"

"వాలే అడిగినారు. నీ సెవుల్లో దూది పెట్టుకున్నావేటి?"

అంతే. ఆ తీజాకి చీర కొని మా అబ్బాయి చేత పంపితే, మడత విప్పకుండా తిప్పి పంపింది. ఆ పై ఏడాది నేను పంపలేదు. నా మాట తప్పని నేను అప్పుడనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఆ పిల్ల తర్వాత తన ఆఫీసులోనే పనిచేసే ఛత్తీస్‌గఢ్ అబ్బాయిని చేసుకుంది. ఆ అబ్బాయే కాఫీ పెడతాడు.

మాటలు పోయింది ఆడవాళ్ల మధ్యే. మా ఆయనా, మరదలి మొగుడూ రోజూ సాయంత్రం స్టేషను వైపు టీకొట్టు దగ్గర కలుసుకునేవాళ్లు. ఇంటికొచ్చి మా ఆయన "ఎవరూ కనబడలేదు" అనేవాడు. నేను అడగకుండానే అనేవాడు, దాంతోనే దొరికిపోయేవాడు. నేనూ ఏమీ ఎరగనట్టు ఊరుకునేదాన్ని. మరదలి మొగుడు దారిలో ఎదురైతే తలొంచుకుని, "బాగున్నావా అప్పా" అని, అక్కని పిలిచినట్టు, నేల వైపు చూసి అడిగేవాడు. చాలా మంచివాడు. పెళ్లానికి భయపడేవాడు గాని అది తప్పు కాదు.

వానాకాలంలో మరదలి మొగుడికి జ్వరం తగిలి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో వేశారు, తిరిగి రాలేదు. చావింటికి ఎవరూ పిలవనక్కర్లేదు కనక వెళ్లాను. మరదలు నా వైపు చూడలేదు. నేను గుమ్మం పక్క గోడకి ఆనుకుని కూర్చుని వచ్చేశాను. మా ఆయన మాత్రం శవం దగ్గరే కూర్చున్నాడు, లేవమంటే లేవలేదు. ఆ రోజు నుంచి సాయంత్రమైతే చెప్పులేసుకుంటాడు, వీధిలోకి వెళ్లి నిలబడతాడు, వెనక్కొచ్చి చెప్పులు విప్పుతాడు.

శవాన్ని చూడడానికి ఎవరైనా వెళ్లవచ్చు. పదోరోజు సంగతి వేరు. ఆ రోజు నది దగ్గర తలస్నానం చేసి, పోయినవాడి భార్య తడిచీరతో కూర్చుంటుంది. పుట్టింటివాళ్లు తెచ్చిన చీర భుజాల మీద పడేదాకా లేవకూడదు. పుట్టింటివాళ్లు లేకపోతే అత్తింటివాళ్లే కప్పుతారు. కప్పేస్తే కార్యం జరిగిపోతుంది, కాని ఇక ఆ మనిషికి వెనక ఎవరూ లేరని నలుగురిలో చెప్పినట్టే. ఆ తర్వాత ఆమె ఎక్కడుండాలో, ఏం చెయ్యాలో అత్తింటివాళ్ల మాటే చెల్లుతుంది.

ఆ మాట చెల్లించుకోవాలని భిలాయావిడ కాచుకుని ఉంది. ఇల్లు అద్దెకిచ్చేసి మరదల్ని తనతో తీసుకుపోతానని వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతోంది. ప్రేమ లేదనను. భిలాయిలో ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పెద్ద ఇల్లు, వంటకి మనిషి కావాలి.

ముందురోజు సాయంత్రం మరదలి కూతురు మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"అత్తా, సీదా అడుగుతున్నాను. రేపు చీర తెస్తావా, తేవా?"

"మీ అమ్మ పంపినాదా?"

"అమ్మ ఏం అనలేదు. వద్దని కూడా అనలేదు. భిలాయి అత్త దగ్గర చీర రెడీగా ఉంది. అమ్మకి అక్కడికి వెళ్లడం ఇష్టం లేదు. రాత్రి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను రమ్మంటే, అల్లుడింట్లో ఉండనంది. తన ఇంట్లోనే ఉంటానంటుంది. ఆ మాట భిలాయి అత్తతో చెప్పడానికి తనకి నోరు రాదు."

"నాతో దెబ్బలాటకి బానే వచ్చింది నోరు."

"నీతో వేరు, నువ్వు సొంతం" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ సంబంధం చెడగొట్టినందుకు నేనే నీకు చీర పెట్టాలత్తా, అసల్ మే" అంది.

"ఆ మాట మీ అమ్మ ముందర అను."

"అమ్మ ముందు అనడానికి నాకేమన్నా రెండు తలకాయలున్నాయా?"

మా ఆయన లోపలి నుంచి అంతా విన్నాడు. బయటికొచ్చి, "చీర కొను" అని ఒక్క మాటన్నాడు. ఆయన నాకు ఏ పనీ చెప్పినవాడు కాదు. వెంటనే బయల్దేరాను.

తీజా ముందు గుఢియారీ బజారులో చీరల కొట్టుకి వెళ్లడమంటే కుంభమేళాకి వెళ్లడమే. అన్నలూ వదినలూ చెల్లెళ్ల కోసం తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో నేను లేతనీలం రంగు నేతచీర, సన్నంచుది, ఏరి తీశాను. కొట్టువాడు "బహన్ కే లియే?" అని అడిగాడు. అవును, ఆడపడుచుకే అన్నాను. వాడు దాన్ని మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పిన్నులు కొట్టి ఇచ్చాడు. నేను కవరు విప్పలేదు. పిన్నులు తీస్తే మడత పాడవుతుందని అలాగే సంచిలో పెట్టుకుని మర్నాడు నది దగ్గరికి వచ్చాను.

సన్నగా తుంపర పడుతోంది. కింద మెట్టు మీద పురోహితుడు మరదలి అల్లుడి చేత పిండాలు పెట్టిస్తున్నాడు. కొడుకులు లేరు కనక అల్లుడే గుండు చేయించుకున్నాడు. పురోహితుడు మంత్రం తెలుగువాళ్ల ఫక్కీలో చదివి, ఏం చెయ్యాలో అల్లుడికి హిందీలో చెబుతున్నాడు. ఆ అబ్బాయి జంధ్యం కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి మార్చుకోలేక తికమక పడుతున్నాడు. అయినా భక్తిగా చేస్తున్నాడు.

మరదలు వణుకుతోంది. చేతులు బోసిగా ఉన్నాయి. తెల్లవారకుండానే భిలాయావిడ గాజులు తీయించిందట.

"పుట్టింటోలు ఎవులైనా ఉన్నారా?" అని పురోహితుడు పైకి చూసి అడిగాడు.

"ఎవులున్నారు, పాపం!" అంది భిలాయావిడ, సంచిలో చెయ్యిపెడుతూ. "మేమే కప్పేస్తాం. ఎలాగూ నాతోనే ఉంటాది."

"ఉన్నాం" అన్నాను పై మెట్టు మీంచి.

మరదలు తల ఎత్తలేదు. నేను, నా వెనక మా ఆయన ఒక్కో మెట్టే పట్టుకుని దిగాం. ఆమె ముందుకి వచ్చాం. పద్ధతి ప్రకారం చీర అన్న కప్పాలి, వదిన మడత విప్పి అందించాలి. కవరు పిన్నులు తీశాను. చీర మడత విదిలించాను.

మడతలోంచి ఒక పొట్లం జారి మరదలి కాళ్ల దగ్గర పడింది. పడి విచ్చుకుంది. ఎర్రగాజులు, ఆకుపచ్చ గాజులు, ఒక బొట్టుబిళ్లల అట్ట, కుంకుమ డబ్బీ, గోరింటాకు గొట్టం. తీజా రోజుల్లో చెల్లెలికని చీర కొంటే కొట్టువాళ్లు ఐదోతనం సామాను అందులో వాళ్లంతట వాళ్లే పెట్టేస్తారు. ఎవరికీ చెప్పరు, అది వాళ్ల మర్యాద. ఆడపడుచుకి అన్నాను గాని, ఏ కార్యానికో ఆ కొట్టువాడికి చెప్పలేదు నేను. చెప్పాలని తోచలేదు.

గాజొకటి మెట్టు మీద గిర్రున తిరిగి తిరిగి పడింది. పురోహితుడు మంత్రం ఆపేశాడు.

"సూసినారా!" అంది భిలాయావిడ. "మొగుడు పోయిన మనిషికి గాజులు తెచ్చినాది! పగ సల్లారలేదు ఈ మనిషికి. పిల్ల పెళ్లి సెడగొట్టింది సాల్లేదు!"

నా జన్మలో నాకు మాట దొరకని సమయం అదొక్కటే. చీర చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాను. మా ఆయన నా మొహం చూశాడు, ఇదేమిటే అన్నట్టు. కొట్టువాడు పెట్టాడని చెబితే ఎవరు నమ్ముతారు? చెప్పినా, ఆ పొట్లం అక్కడే ఉంది కదా.

మరదలు వంగి ఒక గాజు తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"ఎక్కడ కొన్నావు?"

"గుఢియారీ బజార్లో. నిన్న సాయంత్రం."

"కవరు ఇప్పి సూసుకోనేదా?"

"పిన్నులు తీస్తే మడత పాడవుతాదని..."

"పాడయితే అయింది! ఎప్పుడూ ఇంతే నువ్వు. ఏదీ సూసుకోవు" అంది. గొంతు బొంగురుగా ఉంది, ఏడ్చి ఏడ్చి. "ఇన్నేళ్ల తీజాలూ ఎగ్గొట్టి ఇయ్యాల తెచ్చినావా గాజులు?"

నాకు మండింది. అదే మంచిదైంది, మాట వచ్చింది.

"ఎగ్గొట్టింది నానా? తిప్పి పంపింది నువ్వు! మడత కూడా ఇప్పలేదు!"

"ఒక్కసారి తిప్పి పంపినాననుకో. రెండోసారి పంపితే సచ్చిపోతావా?"

"నువ్వు మల్లీ తిప్పితే?"

"తిప్పుదును. మూడోసారి పంపవలిసింది. పుట్టిల్లన్నాక అంత రోసమేటి?"

"నీకు నేదా రోసం?"

"నాను ఆడబడుచుని. నాకుంటాది!"

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, వర్జ్యం వచ్చేస్తంది. తిట్టుకోడం తరవాత పెట్టుకోండమ్మా" అన్నాడు. మరదలి కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో. మరదలు మాత్రం నవ్వింది. తడిచీరతో, బోసిచేతులతో, పదోరోజు నాడు, ఒక్క క్షణం పళ్లు కనబడేలా నవ్వి, మళ్లీ ఏడ్చింది.

"కప్పవేటి అన్నియ్యా? సలేస్తంది" అంది మా ఆయనతో.

మా ఆయన చీర కప్పాడు. ఒక అంచు జారి నీళ్లలో పడింది. నేను తీసి సర్దాను. సర్దేటప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

భిలాయావిడ తన సంచి మూతి ముడేసుకుంది. "సరేలే, సీర ఎవులు కప్పితేనేం. రేపు సామాను సర్దుకుంటే, ఎల్లుండి బండి మాటాడతాను" అంది.

మా ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజూ గట్టిగా మాట్లాడలేదు. "మా సెల్లి ఎక్కడికీ రాదప్పా" అన్నాడు. "దాని ఇల్లు దానికుంది. మలుపు తిరిగితే మాది. ఎప్పుడైనా నిన్ను సూడాలనుకుంటే నానే తీసుకొస్తాను."

పుట్టింటి చీర కప్పినవాడి నోటి మాట అది. ఆవిడ కాదనలేకపోయింది. నన్ను చూసి మూతి తిప్పింది, అంతే. ఆ హక్కు ఆవిడకుంది, తిప్పుకోనిద్దామని ఊరుకున్నాను.

గాజులు మిగిలాయి. నదిలో వదిలెయ్యమంది భిలాయావిడ, అశుభమట. మరదలు ఏరి, కొంగుతో తుడిచి, కూతురి చేతికి తొడిగింది. "నా పుట్టింటి గాజులు. నీల్లలో ఎందుకు పారేస్తాను?" అంది. అవి ఆ పిల్లకి ఒక సైజు చిన్నవి. సబ్బు లేకుండా ఎక్కించేసరికి ఆ పిల్ల "మర్ గయీ, మర్ గయీ" అని గోల పెట్టింది.

పన్నెండోరోజున కర్మ అయ్యాక ఆడపిల్లని పుట్టింటికి తీసుకెళ్లి ఒక రాత్రి నిద్ర చేయించాలి. అది సరిగ్గా తీజా రోజే పడింది. మలుపు తిరిగితే మా ఇల్లు, అయినా నడిపించి తేకూడదని మా ఆయన ఆటో మాట్లాడాడు. ఎక్కగానే ఆపమంటే ఆటోవాడు తెల్లబోయాడు. మరదలు అన్నం తిని, పప్పులో ఉప్పు తక్కువైందంది, చీర రంగు నచ్చలేదంది. రాత్రి నా పక్కన పడుకుని మొగుడి గురించి చాలాసేపు చెప్పింది. టీకొట్టు సంగతి ఆమెకీ మొదటి నుంచీ తెలుసట. "అన్నియ్యని కలిసిన రోజు అన్నం బాగా తినీవోడు" అంది.

ఇప్పుడు సాయంత్రమైతే మా ఆయన చెప్పులేసుకుని ఆమె గుమ్మం దాకా వెళతాడు. ఆమె టీ పెడుతుంది. నేను వెనకాలే వెళతాను. మేమిద్దరం ఏదో ఒకదానికి దెబ్బలాడుకుంటాం, ఆయన వింటూ తాగుతాడు.

నాకు యాభై దాటాక, ఇక్కడి తెలుగు సంఘం హాల్లో ఆదివారాలు పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు ఇవి. చేతయినప్పుడే ఈ రోజుని రాసి పెట్టాలనుకున్నాను. రాసేటప్పుడు ఎవర్నీ వదలకూడదు కనక, ఆ మంగళవారం ఒడ్డున ఎవరెవరున్నారో చెప్పి ఆపుతాను. తడిచీరతో నా మరదలు. ఆమె కూతురు. గుండుతో ఆమె అల్లుడు, జంధ్యం చివరికి సరిగ్గానే వేసుకున్నాడు. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పురోహితుడు. పోయినాయన అక్క భిలాయావిడ, తమ్ముడి కోసం అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆవిడే, అదీ చెప్పాలి. క్షౌరం చేసి గట్టు మీద కత్తి కడుక్కుంటున్న మంగలి. గుఢియారీ సందులోంచి వచ్చి గొడుగుల కింద నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. మా ఆయన. నేను.